పక్క టీము బండి: చూసి నేర్చుకున్నది ఏది, ఎత్తుకొచ్చింది ఏది?

పెన్నా పిస్టన్, నెల్లూరు:
ఫార్ములా భారత్, బాహా పోటీలకి బండ్లు కట్టే కాలేజీ టీముల మధ్య "వాళ్ళ అప్‌రైట్ (చక్రం హబ్బుని పట్టుకునే ముక్క) మాది చూసి కొట్టిందే" అనే గొడవ ప్రతి ఏడూ వస్తానే ఉంటుంది. ఫార్ములా వన్‌లో ఇట్టాంటివి కోర్టులదాకా పోయినాయి గదా. అక్కడ దేన్ని తప్పన్నారు, దేన్ని వదిలేశారు, రుజువు ఎట్టా దొరికింది? మన ఆటోనగర్ స్థాయిలో డ్రాయింగులు బయటికి పోకుండా ఏం చెయ్యొచ్చు? తెలిసినవాళ్ళు రాయండి. "జాగ్రత్తగా ఉండాలి" అని మాత్రం రాయొద్దు సామీ, కొలతలతో రాయండి.

రెండో మలుపు, ఒంగోలు:
2007 కేసు దగ్గర మొదలుపెడితే మిగతావన్నీ అర్థమవుతాయి. ఫెరారీలో పనిచేసే నైజెల్ స్టెప్నీ దగ్గర్నుంచి మెక్‌లారెన్ చీఫ్ డిజైనర్ మైక్ కాగ్లన్‌కి 780 పేజీల ఫెరారీ కాగితాలు చేరాయి. పట్టుబడింది ఏ గూఢచారి వల్లా కాదు, జిరాక్సు షాపు వల్ల. ఆ కట్టను సీడీల్లోకి ఎక్కించమని కాగ్లన్ భార్య దగ్గర్లో ఉన్న కాపీ షాపులో ఇచ్చింది. అక్కడ పనిచేసే మనిషి కాగితాల మీద ఫెరారీ పేరు చూసి నేరుగా ఇటలీకి మెయిల్ పెట్టాడు. వీఆర్సీ సెంటర్లో ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటుకి ఇచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

అసలు చూడాల్సింది రెండు విచారణల మధ్య తేడా. జూలై 26న, రేసుల నిబంధనలు పెట్టే ఎఫ్ఐఏ కౌన్సిల్ ఏమంది? ఫెరారీ సమాచారం మెక్‌లారెన్ మనిషి దగ్గర ఉంది, 151సి నిబంధన ఉల్లంఘించినట్టే, కానీ దాన్ని వాడినట్టు రుజువు లేదు కాబట్టి శిక్ష లేదు. సెప్టెంబరు 13న అదే కౌన్సిల్ 10 కోట్ల డాలర్ల జరిమానా వేసి, ఆ ఏటి కన్‌స్ట్రక్టర్స్ (టీముల) పాయింట్లన్నీ తీసేసింది. ఈ మధ్యలో మెక్‌లారెన్ టెస్ట్ డ్రైవర్ పెద్రో దె లా రోసా, రేసు డ్రైవర్ ఫెర్నాండో అలోన్సోల మెయిళ్ళు బయటికొచ్చాయి. వాటిలో ఫెరారీ రెండు కార్ల బరువు పంపకం రెండు దశాంశ స్థానాలదాకా ఉంది. టైర్లలో ఏ గ్యాస్ నింపుతున్నారో, బ్రేకుల సంగతేంటో కూడా ఉంది. ఇటలీ పోలీసుల లెక్కలో మార్చి 11 నుంచి జూలై 3 లోపల స్టెప్నీ, కాగ్లన్‌ల మధ్య కనీసం 288 ఎస్ఎంఎస్‌లు, 35 ఫోన్ కాల్స్. మెక్‌లారెన్ కారు మీద ఫెరారీ పార్టు ఒక్కటీ చూపించాల్సిన పని పడలేదు. సమాచారం ఒక్క మనిషి దగ్గర ఆగకుండా టీములో తిరిగిందని తేలడమే చాలింది.

పెన్నా పిస్టన్, నెల్లూరు:
బరువు పంపకం ఒక్క అంకె. దానికి అంత విలువేంది?

నాలుగు కాటాలు, చీమకుర్తి:
ఆ ఏడాది సంగతి తెలిస్తే విలువ తెలుస్తుంది. 2007లో టైర్లు ఒక్క బ్రిడ్జ్‌స్టోన్ మాత్రమే. ఫెరారీకి అవి ముందునుంచీ అలవాటు, మెక్‌లారెన్ మాత్రం మిషెలిన్ నుంచి అప్పుడే వచ్చింది. కొత్త టైరుకి ముందు ఇరుసు మీద ఎంత బరువు పెట్టాలో తేల్చాలంటే ఎన్నో రోజుల టెస్టింగ్ కావాలి. దాన్ని అలవాటుపడ్డవాడి అంకె ఒక్కటి చెప్పేస్తుంది. ఇక రెండు దశాంశాలంటే, 600 కిలోల బండి మీద 0.01 శాతం 60 గ్రాములు. అంత సూక్ష్మంగా పిట్ గోడ మీంచి చూసి ఎవడూ చెప్పలేడు. కాగితం చూస్తేనే తెలుస్తుంది. అలోన్సోకి అంకె మీద అనుమానం వస్తే, ఇది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో దె లా రోసా పేరు పెట్టి రాశాడు. కొంప ముంచింది ఆ మెయిలే.

కాలేజీ బండికి ఈ అంకె తీసేటప్పుడు చేసే తప్పులు కూడా చెప్తాను. నాలుగు చక్రాల కిందా నాలుగు కాటాలు. కాటాల పైతలాలు ఒకదానితో ఒకటి 1 మిల్లీమీటరు లోపల సమంగా ఉండాలి. మా వైపు మిగులు గ్రానైటు పలకలు చవగ్గా దొరుకుతాయి, కాటాల కింద వేసి నీళ్ళ ట్యూబుతో మట్టం చూసుకోవచ్చు. డ్రైవరు సీట్లో ఉండాలి, లేకపోతే ఆయన బరువుకి సరిపడా ఇసుక మూట పెట్టాలి. బండి పక్కకి ఒరగకుండా పట్టే యాంటీ రోల్ బార్ లింకు ఒకవైపు విప్పాలి. బండిని ఎత్తి కాటాల మీద దించితే టైర్లు పక్కకి బిగుసుకుని అంకె అబద్ధం చెప్తుంది, అందుకే ముందుకీ వెనక్కీ దొర్లించి తేవాలి. ముందు 120, వెనక 140 వస్తే ముందు భాగం 46.15 శాతం. కిలో కాటాతో తూచి రెండు దశాంశాలు రాసుకుంటే మాత్రం అది ఉత్త అలంకారం.

కావలి డైనో:
2007లోనే రెనో కేసు కూడా ఉంది, అందరూ మర్చిపోతారు. నాకైతే మెక్‌లారెన్ గొడవకంటే అదే ఎక్కువ నేర్పుతుంది. మెక్‌లారెన్ వదిలి రెనోలో చేరిన ఇంజనీరు ఒకాయన 11 ఫ్లాపీల్లో పాత కంపెనీ ఫైళ్ళు తెచ్చుకున్నాడు. డిసెంబరు 6న రెనో తప్పు చేసిందన్నారు, శిక్ష మాత్రం వెయ్యలేదు. ఎందుకంటే ఎత్తుకొచ్చిన బొమ్మను రెనో వాళ్ళు తప్పుగా చదివారు!

అది జె డ్యాంపర్, అసలు పేరు ఇనర్టర్. కేంబ్రిడ్జ్‌లో మాల్కం స్మిత్ కనిపెట్టాడు, మెక్‌లారెన్ 2005 స్పెయిన్ రేసులో మొదటిసారి వాడింది. స్ప్రింగు ఇచ్చే బలం ఎంత నొక్కుకుందో దాన్నిబట్టి ఉంటుంది, డ్యాంపర్ బలం ఎంత వేగంగా నొక్కుకుంటోందో దాన్నిబట్టి, ఇనర్టర్ బలం రెండు కొసల మధ్య త్వరణాన్నిబట్టి. లోపల బాల్ స్క్రూ, దానికి చిన్న ఫ్లైవీలు. 200 గ్రాముల బిళ్ళ, వ్యాసార్ధం 32 మిల్లీమీటర్లు, స్క్రూ పిచ్ 10 మిల్లీమీటర్లు అనుకుంటే, సుమారు 40 కిలోల బరువు అడ్డుపడినట్టు పనిచేస్తుంది. బిళ్ళ బరువు 200 గ్రాములే! కిటుకంతా పిచ్‌లో ఉంది. పిచ్ సగమైతే ఆ 40 కాస్తా 160 అవుతుంది.

రెనో వాళ్ళు ఆ బొమ్మలో తిరిగే బిళ్ళను చూసి, ఊగే బరువు, అంటే తాము వాడుతుంటే 2006లో నిషేధించిన మాస్ డ్యాంపర్ లాంటిది, అనుకున్నారు. అట్లాంటిది చెల్లుతుందా అని ఎఫ్ఐఏని అడిగారు కూడా. బొమ్మ చేతిలో ఉన్నా లెక్క తెలియకపోతే ఇంతే. మన టీముల్లో పక్కోడి సస్పెన్షన్ పాయింట్లు ఫోటోలోంచి దించుకుని, టైరు సైజు మాత్రం వేరేది వేసేవాళ్ళకి గుంటలో పడగానే స్టీరింగు దానంతటదే తిరగడం మొదలవుతుంది. స్టీరింగుని చక్రానికి కలిపే టై రాడ్ కొస 3 మిల్లీమీటర్లు పైకో కిందకో పోతే చాలు ఆ జబ్బు రావడానికి.

బుచ్చిరెడ్డిపాళెం బేరింగు:
చూసి నేర్చుకోడం తప్పు కాదు. ఎంతవరకు చూడొచ్చో చెప్పిన కేసు 2020లో రేసింగ్ పాయింట్‌ది. అంతకుముందు ఏటి మెర్సిడెస్‌ని ఫోటోలు తీసి అచ్చుగుద్దినట్టు బండి కట్టారు, గులాబీ రంగు మెర్సిడెస్ అని పేరొచ్చింది. బాడీ మొత్తం పోలి ఉన్నా దాని మీద శిక్ష పడలేదు. బ్రేక్ డక్టుల మీద పడింది. 2020 నుంచి అవి ఏ టీముకి ఆ టీము సొంతంగా గీసుకోవాల్సిన పార్టులు. వెనక డక్టులకి మెర్సిడెస్ క్యాడ్ (కంప్యూటరు డ్రాయింగు) ఫైళ్ళే ఆధారమని రెనో ఫిర్యాదు చేసింది. 15 పాయింట్ల కోత, 4 లక్షల యూరోల జరిమానా. డక్టంటే గాలి గొట్టమేగా అనుకోకండి, బ్రేకు వేడిని రిమ్ముకి ఎంత పంపాలో అదే తేలుస్తుంది. టైరు లోపలి వేడి, దాంతో ప్రెషరు, అంతా దాని చేతిలోనే. ఆ తరవాత ఫోటోలనుంచి త్రీడీ మోడల్ తీసే సాఫ్ట్‌వేరు, స్కానర్లు వాడి ఎదుటివాళ్ళ బండిని దించడాన్ని ఎఫ్ఐఏ నిషేధించింది. మామూలు కెమెరా, మామూలు కన్ను, వీటికి అడ్డు లేదు. చెయ్యి మాత్రం పెట్టకూడదు. 2021 బ్రెజిల్‌లో వెర్‌స్టాపెన్ పార్క్ ఫెర్మేలో (బండ్లని ఎవరూ ముట్టకుండా నిలిపే చోట) హామిల్టన్ బండి వెనక రెక్కను తాకినందుకు 50 వేల యూరోలు కట్టాడు.

రెండో మలుపు, ఒంగోలు:
కన్నే కాదు, చెవి కూడా. కేటీఎం 390 ఇంజను వేసిన బండి వీడియో చాలు. సింగిల్ సిలిండరు ఫోర్ స్ట్రోక్ కదా, పేలుళ్ళ ఫ్రీక్వెన్సీని 120తో హెచ్చవేస్తే ఆర్‌పీఎం వస్తుంది. 75 హెర్ట్జ్ అంటే 9000. ఫోనులో స్పెక్ట్రమ్ చూపే యాప్ ఏదైనా పనికొస్తుంది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఫోను మైకుకి 100 కింద సరిగ్గా వినపడదు. 150 దగ్గర పెద్ద గీత కనిపిస్తే దాన్నే అసలుదనుకుని 18000 ఆర్‌పీఎం అని లెక్కేస్తారు. ఒక్క గీతను చూడొద్దు, గీతల మధ్య దూరం చూడాలి. 150, 225, 300 ఉంటే అసలుది 75.

రెండు కోన్ల మధ్య దూరం తెలిస్తే వేగం వస్తుంది. 80 కిలోమీటర్ల వేగంలో, చుట్టుకొలత 1.44 మీటర్లున్న చక్రం నిమిషానికి సుమారు 926 సార్లు తిరుగుతుంది. 9000ని దాంతో భాగిస్తే మొత్తం రేషియో 9.7. గేరుబాక్సు కంపెనీదే అయితే స్ప్రాకెట్‌కి ఎన్ని పళ్ళో ఇంటికొచ్చేలోపు తెలిసిపోతుంది. ఇది దొంగతనమని ఎవరూ అనరు. గిత్తకి ఏం మేత వేస్తారో పక్క ఊరికి చెప్పని జిల్లా మనది, కానీ బండ ఎంత దూరం లాగిందో అందరూ చూసేదే కదా.

ఫ్లాపీ నంబరు 12:
చట్టం సంగతి కొంచెం. మన దేశంలో వ్యాపార రహస్యాలకి ప్రత్యేక చట్టం లేదు, ఒప్పందం మీద, నమ్మకద్రోహం మీద కేసు నడుస్తుంది. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, మానేసిన మనిషిని పోటీ కంపెనీలో చేరొద్దని ఆపలేరు. రహస్యాలు చెప్పొద్దని మాత్రం కట్టడి చెయ్యొచ్చు.

డబ్బు మీద ఆశ పెట్టుకునేవాళ్ళు మన ఫార్ములా వన్ టీము ఫోర్స్ ఇండియా కేసు చూడాలి. తమకి విండ్ టన్నెల్ పని చేసిన ఇటలీ కంపెనీ ఏరోల్యాబ్ తమ క్యాడ్ ఫైళ్ళను తరవాత లోటస్ టీము పనికి వాడిందని లండన్ కోర్టుకి పోయారు. 2012లో తీర్పు: కొన్ని ఫైళ్ళు అడ్డదారిలో వాడిన మాట నిజం, నష్టపరిహారం 25 వేల యూరోలు. అదే తీర్పులో ఏరోల్యాబ్‌కి బాకీ ఉన్న 8 లక్షల యూరోలకు పైగా ఫోర్స్ ఇండియానే కట్టాలన్నారు. పని చేసినవాడికి డబ్బులు ఆపితే ఫైళ్ళు ఎటుపోతాయో కూడా ఇందులో ఉంది.

కావలి డైనో:
మనిషే వెళ్ళిపోతే ఫైలు అక్కర్లేదు. 1961లో తూర్పు జర్మనీ మోటారుసైకిల్ టీము ఎంజెడ్ రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు కాగానే పారిపోయి సుజుకీలో చేరాడు. వాల్టర్ కాడెన్ తయారుచేసిన ఎగ్జాస్టు చాంబరు, డిస్క్ వాల్వు కిటుకులన్నీ ఆయనతో పోయినాయి. మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీకి.

పెన్నా పిస్టన్, నెల్లూరు:
బాగుంది. ఇప్పుడు మన లేజర్ కటింగ్ షాపు సంగతికి రండి. ఒకే షాపులో నాలుగు టీముల పని జరుగుతా ఉంటుంది, అక్కడే అనుమానాలు పుట్టేది.

బుచ్చిరెడ్డిపాళెం బేరింగు:
షాపుకి కావలసింది డీఎక్స్ఎఫ్‌లో (లేజరు కోతకి ఇచ్చే గీతల ఫైలు) బయటి గీత, మందం, మెటీరియలు, ఎన్ని ముక్కలు. అంతే. అసెంబ్లీ, టైటిల్ బ్లాకు, పార్టు పేరు ఇవ్వొద్దు. "ఫ్రంట్ అప్‌రైట్ ఎడమ" అని పేరు పెట్టి వాట్సాప్‌లో పంపి, రహస్యం పోయిందని ఏడిస్తే ఎట్టా? పేరు బదులు అంకె పెట్టండి. ఎడమవి ఒక షాపుకి, కుడివి ఇంకో షాపుకి ఇవ్వండి. మిగిలిన రేకు కూడా అడిగి తెచ్చుకోండి, కోసిన కంతలో పార్టు ఆకారం అట్నే ఉంటుంది.

ఎవరి దగ్గర్నుంచి పోయిందో తెలియాలంటే షాపుకో గుర్తు పెట్టాలి. బరువు తగ్గించే కంతలు ఉంటాయి చూడండి, బోల్టు పట్టనివి, వాటిని ఒక షాపు ఫైల్లో 12.0, ఇంకోదాంట్లో 12.4, మూడోదాంట్లో 12.8 గీయండి. లేజరు తేడా 0.1 అటూ ఇటూ, కాబట్టి 0.4 వెర్నియర్‌కి దొరుకుతుంది. బేరింగు కంతల జోలికి మాత్రం పోవద్దు.

ఫ్లాపీ నంబరు 12:
స్టెప్ ఫైలైతే (త్రీడీ బొమ్మ పంపే ఫైలు) నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పైన హెడర్‌లో ఫైలు పేరు, తేదీ, గీసినవాళ్ళ పేరు, సాఫ్ట్‌వేరు కనిపిస్తాయి. అయితే మళ్ళీ ఎక్స్‌పోర్టు చేస్తే అవన్నీ మారిపోతాయి, దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఫిర్యాదు రాయకండి. అంతకంటే గట్టిది ఫీచర్ ట్రీ, అంటే క్యాడ్‌లో పార్టు గీసిన అంచెల జాబితా. సొంతంగా గీసినవాడి పార్టులో స్కెచ్చులు, ఎక్స్‌ట్రూడ్లు, మధ్యలో మార్చుకున్న తప్పులు వరసగా ఉంటాయి. ఎత్తుకొచ్చినదాంట్లో ఇంపోర్టెడ్ అని ఒకే ఒక్క ముద్ద ఉంటుంది. డిజైన్ రౌండులో జడ్జీని ట్రీ తెరిపించమని అడగండి. 2022లో ఆస్టన్ మార్టిన్ మీద రెడ్‌బుల్‌ని కాపీ కొట్టారని గోల వచ్చినప్పుడు కూడా ఎఫ్ఐఏ చూసింది బండి పోలికల్ని కాదు, ఆ డిజైను ఎట్లా పుట్టిందో ఆ వరసని. చూసి తప్పు లేదంది.

నాలుగు కాటాలు, చీమకుర్తి:
బేరింగు అన్నా, 12.4 కిటుకులో ఒక చిక్కుంది. పౌడర్ కోటింగు వేశాక కంత లోపల గోడకి 60 నుంచి 100 మైక్రాన్లు పేరుకుంటుంది, అది రెండు వైపులా. 12.4 కంత 12.2 అయిపోతుంది, లేజరు తేడా కూడా కలిస్తే 12.0 షాపుదా 12.4 షాపుదా తేలదు. కంత సైజు మార్చకుండా రెండు కంతల మధ్య దూరాన్ని మార్చండి: ఒకరికి 40.0, ఒకరికి 40.5. కోటింగు ఎంత మందమున్నా కేంద్రాల దూరం కదలదు. కొలిచేటప్పుడు రెండు కంతల దగ్గరి అంచుల మధ్య ఒకసారి, దూరపు అంచుల మధ్య ఒకసారి తీసి, కూడి, రెండుతో భాగించండి.

పెన్నా పిస్టన్, నెల్లూరు:
అర్థమైంది. ఎల్లుండి పోయే డీఎక్స్ఎఫ్‌లలో కంతలు మళ్ళీ 12కి మార్చి, దూరాలు మారుస్తాం.