“నీళ్ళు పోవట్లేదు” అంటే ఏ పోవడం?

అంట్లగిన్నె:
పదేళ్ళు దాటిన డిష్‌వాషర్లు ఉన్న అద్దె ఫ్లాట్ల కోసం ఒక పేజీ సూచనలు తెలుగులో రాస్తున్నాను. “నీళ్ళు పోవట్లేదు” అని శీర్షిక పెట్టాను. చదివిన ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. ఒకరు మెషిన్‌లోకి నీళ్ళు వెళ్ళడం లేదనుకున్నారు, ఇంకొకరు అడుగున నిలిచిపోయాయనుకున్నారు. అందుకే “డ్రెయిన్”కి ఒక మంచి తెలుగు మాట కావాలి. తూము, జలదారి, మురుగు కాలువ, వీటిలో ఏది నప్పుతుంది?

కుంచం:
తూము పాత మాటే, మంచి మాటే. చెరువు కట్టకి ఉండేది తూము, ఇంటి గోడకో నేలకో నీళ్ళు పోయేందుకు వదిలే కంతా తూమే. ధాన్యం కొలతల్లోనూ తూము ఉంది. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కానీ మీ పనికి పనికిరాదంటాను. తూములో నీళ్ళు పల్లానికి వాటంతటవే పోతాయి. జలదారి కూడా అంతే. మురుగు అంటే ఆ మురికి నీళ్ళే, దారి కాదు. డిష్‌వాషర్‌లో నీళ్ళు పల్లానికి పోవు, అడుగు నుంచి పైకి ఎక్కి గొట్టంలోంచి బయటపడతాయి. “తూము చూడండి” అని రాస్తే పాపం చదివేవాళ్ళు మెషిన్ కింద కంత కోసం వెతుకుతారు.

మత్తడి:
మా దిక్కు మోరీ అంటరు. మోరీ అంటే బయటి కాలువ, మెషిన్ లోపలిది గాదు. నామవాచకం కోసం ఎతుకుడు పక్కన పెట్టుర్రి. నీళ్ళు కిందికెళ్ళి పైకి తీసుడుకు మనకు క్రియ ఉన్నది గదా, తోడుడు. బాయిల నీళ్ళు తోడినట్టే ఇది. “మెషిన్ నీళ్ళు తోడుతలేదు” అని రాయుర్రి.

అంట్లగిన్నె:
“తోడట్లేదు” బాగుంది. తోడు అనగానే పెరుగు గుర్తొస్తుందేమో గానీ, నీళ్ళ పక్కన ఉంటే ఆ తికమక ఉండదు.

పానా:
సర్వీసు వైపు నుంచి చెప్తాను. తోడడం సరైన మాటే కానీ అన్ని ఫిర్యాదులకీ అదొక్కటే వాడితే మళ్ళీ మొదటికొస్తాం. ఈ నీళ్ళ ఫిర్యాదులు కనీసం నాలుగు రకాలున్నాయి, ఒక్కోదానికి తెలుగులో ఒక్కో క్రియ ఉంది. ఏ క్రియ వాడారో వింటే సగం రోగం తెలిసిపోతుంది.

ముందు ఒక మాట. జాలీ (అంటే ఫిల్టర్) తీస్తే కింద గుంటలో కాస్త నీరు ఉండటం మామూలే, అది రబ్బరు సీళ్ళు ఎండిపోకుండా వదిలేసే నీరు. నీళ్ళు జాలీ పైకి వచ్చి, మెషిన్ లోపల అడుగంతా పరుచుకుంటేనే ఫిర్యాదు.

“నిలిచిపోయాయి” అంటే ప్రోగ్రాం అయిపోయినా మురికి నీళ్ళు అలాగే ఉన్నాయి, అసలు కదల్లేదు. జాలీ, పంపు, గొట్టం, ఇంటి పైపు, ఈ నాలుగింటిలో ఎక్కడో అడ్డు.

“తిరిగొచ్చాయి” అంటే అయిపోగానే చూస్తే ఖాళీ, గంట తర్వాత చూస్తే మురికి నీళ్ళు. పంపు బాగానే తోడింది. గొట్టంలో మిగిలిన నీళ్ళో, సింకు నీళ్ళో వెనక్కి వచ్చాయి. పంపు దాటాక ఉండే వెనక్కి రానివ్వని వాల్వు, అంటే చిన్న రబ్బరు రెక్కో బంతో, సరిగ్గా మూసుకోవట్లేదు. దాని మీద ఆవగింజ కూర్చున్నా చాలు. లేదా గొట్టం పైకి ఎత్తి కట్టకుండా నేల మీద నుంచే సింకు పైపుకి తగిలించారు.

“ఊరుతున్నాయి” అంటే మెషిన్ వాడకుండా ఆపేసి ఉన్నా శుభ్రమైన నీళ్ళు మెల్లగా చేరుతున్నాయి. దీనికీ డ్రెయిన్‌కీ సంబంధమే లేదు, నీళ్ళు వచ్చే వైపు వాల్వు కారుతోంది. కుళాయి కట్టేసి ఒక రాత్రి ఉంచండి, ఊరకపోతే అదే.

నాలుగోది పూర్తిగా ఎదురు ఫిర్యాదు, “జారిపోతున్నాయి”. గొట్టం చివర మరీ కిందికి ఉంటే పంపు తిరక్కుండానే నీళ్ళు వాటంతటవే బయటికి లాగేసుకుంటాయి. మెషిన్ నింపుతూనే ఉంటుంది, గిన్నెలు కడగబడవు. చాలా మాన్యువళ్ళు గొట్టం చివర నేల నుంచి సుమారు 40 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఉండాలంటాయి. మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. కింది హద్దు ఈ జారుడు కోసం, పై హద్దు పంపు అంతకన్నా ఎత్తుకి తోయలేదు కాబట్టి. మన ఇళ్ళలో గొట్టాన్ని నేల మీదున్న నహానీ ట్రాప్‌లో (నేల మీది నీళ్ళు పోయే కంతలో) పడేస్తారు, జారిపోయే ఫిర్యాదు ఎక్కువగా అక్కడే వస్తుంది.

మత్తడి:
తిరిగొచ్చుడుకు మేం “మర్లొస్తున్నయి” అంటం.

కుంచం:
“ఎదురుతన్నడం” కూడా ఉంది. కాలవలో నీళ్ళు ఎదురుతన్నాయి అంటారు. అయితే అందులో ఒక తోపు ఉంది, ముందు దారి మూసుకుని వెనక్కి పొంగినట్టు. సింకు పైపు పూడిపోయి, సింకులో నీళ్ళు పోసినప్పుడల్లా మెషిన్‌లోకి వస్తే అది ఎదురుతన్నడం. గొట్టంలో మిగిలిన కాసిని నీళ్ళు నెమ్మదిగా కిందికి దిగితే తిరిగిరావడం. రెండూ వేరుగా రాస్తే మంచిదేమో?

పానా:
తప్పకుండా వేరుగా రాయండి. మొదటిదానికి ప్లంబరు కావాలి, రెండోదానికి మెకానిక్కు. తప్పు మనిషిని పిలిస్తే విజిటింగ్ చార్జి ఊరికే పోతుంది.

నీళ్ళు నిలిచిపోతే తప్పు ఇంటి పైపుదా, మెషిన్‌దా అని తేల్చే పరీక్ష ఒకటుంది, మీ పేజీలో అన్నిటికన్నా పైన పెట్టాల్సింది ఇదే. గొట్టం చివర సింకు పైపు నుంచి ఊడదీసి బకెట్లో పెట్టండి. బకెట్ నేల మీద కాదు, స్టూలు మీద. చాలా మోడళ్ళలో స్టార్ట్ మీట మూడు సెకన్లు నొక్కిపడితే ప్రోగ్రాం రద్దై మెషిన్ నీళ్ళు తోడేస్తుంది. జోరుగా, నిమిషం లోపు ఖాళీ చేస్తే మెషిన్ బాగుంది, పూడిక ఇంటి పైపులో ఉంది. సన్నగా కారితే, లేదా ఏమీ రాకపోతే మెషిన్ వైపు చూడాలి. ఒక డిష్‌వాషర్ ఒక విడతకి మూడు నాలుగు లీటర్లకి మించి నింపుకోదు, కాబట్టి మామూలు బకెట్ సరిపోతుంది.

అంట్లగిన్నె:
జాలీ అన్నారు. ఫిల్టర్‌కి నేను “వడపోత” అని రాశాను. “జల్లెడ” అనొచ్చా?

కుంచం:
జల్లెడ పిండికీ ఇసుకకీ. వడపోత పని పేరు, వస్తువు పేరు కాదు. ప్లంబర్లూ ఇంట్లో వాళ్ళూ జాలీ అంటారు, లేదా ఫిల్టర్ అంటారు. ఆ రెండిట్లో ఏది రాసినా అర్థమవుతుంది. కొత్త మాట పుట్టించక్కర్లేదు.

పానా:
జాలీ తీసే వరుస రాస్తున్నాను, మాటలు మీరు దిద్దుకోండి. ప్లగ్గు తీసేయండి, స్విచ్ కట్టేస్తే సరిపోదు. కింది బుట్ట బయట పెట్టి, నీళ్ళు గ్లాసుతో తోడి, మిగిలింది స్పాంజితో అద్దండి. గుండ్రటి ఫిల్టర్‌ని ఎడమకి తిప్పి పైకి లాగాలి. సాధారణంగా మూడు ముక్కలుంటాయి, ముతక గొట్టం, సన్న జాలీ, చదునైన స్టీలు రేకు. కుళాయి కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. తీగ పీచుతో వద్దు, సన్న జాలీ చిరుగుతుంది, చిరిగితే ఆ పైన చెత్తంతా పంపులోకే.

ఫిల్టర్ వెలుతురుకి ఎత్తి చూడండి. వెలుతురు అవతలికి రాకపోతే జిడ్డు పట్టిందన్నమాట. కాసేపు వేడినీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్‌లో నానబెట్టాలి. మరిగే నీళ్ళు పోయకండి, ప్లాస్టిక్ వంకర తిరిగితే గాట్లో కూర్చోదు.

మన వంటలతో వచ్చే చెత్త వేరు. చింతపండు ఈనెలు, కరివేపాకు కాడలు, ఆవాలు, మిరపగింజలు, మునక్కాయ పిప్పి. అన్నం మెతుకులు కరిగి గంజిలా మారి, చల్లారాక జిడ్డుతో కలిసి గొట్టంలో పేరుకుంటుంది. సీసాల మీది కాగితం లేబుళ్ళూ అంతే.

జాలీ కింద గుంటలో చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి, పగిలిన గాజు పెంకు ఉంటే వేలు తెగుతుంది. బాష్, సీమెన్స్ మోడళ్ళు చాలావాటిలో ఈ గుంటలోనే పంపు మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. చెంచా కాడతో పైకి లేపి తీయొచ్చు. లోపల రెక్కల చక్రం కనబడుతుంది. మూత తిరిగి పెట్టేటప్పుడు టక్‌మని కూర్చోవాలి. కూర్చోకపోతే పంపు తిరుగుతుంది గానీ నీళ్ళు తోయదు. ఈ మోడళ్ళలో తెర మీద E24 చూపిస్తే నీళ్ళు బయటికి వెళ్ళట్లేదని, E25 చూపిస్తే పంపుకి అడ్డుపడిందని లేదా ఈ మూత ఊడిందని. ఎల్‌జీలో అయితే నీళ్ళు బయటికి వెళ్ళకపోతే OE చూపిస్తుంది.

మత్తడి:
“పూడిక” అన్నరు, మంచి మాట. చెరువుల కాడ వింటం, మిషన్ కాకతీయల పూడికతీత ఊరూరా తెలిసిన మాటే అయ్యింది. కని గొట్టంల గాజుపెంక ఇరుక్కుంటె అది పూడిక గాదు, అడ్డు. పూడిక అంటె మెల్లగ పేరుకునేది.

పానా:
అదే తేడా మెషిన్‌లోనూ పనికొస్తుంది. నిన్నటి దాకా బాగుండి ఈరోజు ఒక్కసారిగా ఆగితే అడ్డు, పంపు దగ్గర వెతకాలి. నెలల తరబడి మెల్లగా మందగించి ఆగితే పూడిక, గొట్టం చూడాలి. పాత మెషిన్లలో గొట్టం ముడతల్లో జిడ్డు గట్టిపడి లోపలి దారి సన్నబడుతుంది. రెండు చివరలూ విప్పి స్నానాలగదిలో కుళాయి పెట్టి కడగాలి, వదలకపోతే కొత్తది వేయాలి. పొడుగు చాలలేదని అతుకు వేస్తూ పోకండి, నాలుగు మీటర్లు దాటితే చాలా పంపులకి భారమే. యాసిడ్, కాస్టిక్ సోడా పోయడం వద్దు. రబ్బరు సీళ్ళు పాడవుతాయి, పైగా అది ఎక్కడికీ పోదు, గుంటలోనే ఉండి తర్వాత చెయ్యి పెట్టినవాళ్ళని కాలుస్తుంది.

ఫ్రీమాంట్ పెరడు:
అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం రెండు మాటలు కలపండి. ఇక్కడ గొట్టం సింకు కింద చెత్త నూరే డిస్పోజర్‌కి తగిలిస్తారు. కొత్త డిస్పోజర్ పక్క మూతిలో లోపలి నుంచి ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి మూసి వస్తుంది. గొట్టం తగిలించే ముందు దాన్ని స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి ఊడగొట్టాలి, ఊడిన బిళ్ళని డిస్పోజర్‌లోంచి బయటికి తీసేయాలి. డిస్పోజర్ మార్చిన వారంలోనే డిష్‌వాషర్ నీళ్ళు నిలిస్తే ముందు అదే చూడాలి. దీన్ని “బిరడా” అంటే ఒప్పుకుంటారా? ఇంకోటి, కాలిఫోర్నియాలో సింకు పక్కన చిన్న లోహపు గొట్టం నిలబెడతారు, మురికి నీళ్ళు వెనక్కి రాకుండా మధ్యలో గాలి ఖాళీ ఉంచేందుకు. నీళ్ళు దాని తలలోంచి పొంగితే అడ్డు దానికీ డిస్పోజర్‌కీ మధ్యన ఉన్నట్టు.

కుంచం:
బిరడా తీసి మళ్ళీ పెట్టుకునేది. ఇది ఒకసారి పగలగొట్టి పారేసేది. “మూసి ఉన్న బిళ్ళ” అన్నదే బాగుంది. “పొంగడం” సరిగ్గా వాడారు, పైకి వచ్చేది పొంగు, అంచు దాటేది పొర్లు.

అంట్లగిన్నె:
పంపు శబ్దం గురించి ఎలా రాయను? “వింత శబ్దం” అని రాస్తే ఏమీ తెలియదు.

పానా:
మూడు రకాలుగా రాయండి. “మూలుగుతోంది” అంటే కరెంటు వస్తోంది, చక్రం ఇరుక్కుంది. “కీచుమని జోరుగా తిరుగుతోంది, నీళ్ళు రావట్లేదు” అంటే చక్రం ఇరుసు నుంచి ఊడింది, లేదా గొట్టం మూసుకుంది. “నిశ్శబ్దంగా ఉంది” అంటే కరెంటు పంపు దాకా రావట్లేదు, లేదా పంపులోని కాయిల్ (తీగచుట్ట) కాలింది. ప్లగ్గు తీసి, పంపు రెండు కొనలకీ మల్టీమీటర్ (కరెంటు, నిరోధం కొలిచే పరికరం) పెడితే మన 230 వోల్టుల పంపులు చాలావాటికి సుమారు 100 నుంచి 200 ఓంల మధ్య చూపిస్తుంది. అనంతం చూపిస్తే పంపు మార్చాల్సిందే. మెషిన్ లోపల చుక్క నీరు లేకున్నా పంపు ఆగకుండా తిరుగుతుంటే అది తోడకపోవడం కానే కాదు. కింద పళ్ళెంలోకి ఎక్కడో కారింది, అక్కడున్న తేలే స్విచ్ లేచి పంపుని నడుపుతోంది. దాన్ని “పంపు ఆగట్లేదు” అని వేరే శీర్షిక కింద పెట్టండి.

అంట్లగిన్నె:
ఒక్క సందేహం. చక్రాన్ని పుల్లతో తిప్పితే సాఫీగా తిరగట్లేదు, పట్టుకుని వదిలినట్టు తిరుగుతోంది. అది చెడినట్టేనా?

పానా:
కాదండీ. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అలా గెంతుతూనే తిరగాలి. “గెంతుతూ తిరిగితే బాగున్నట్టే, ఏ అడ్డూ లేకుండా గిరగిరా తిరిగితే ఇరుసు విరిగినట్టు, అసలు కదలకపోతే వెంట్రుకో దారమో చుట్టుకున్నట్టు” అని రాయండి. చుట్టుకున్నదాన్ని లాగేటప్పుడు పట్టకారు వాడండి, రెక్కలు ప్లాస్టిక్కే.