ఆర్మీ యూనిట్ ఆటల టీమ్‌లో ఆడేవాడికి గార్డు డ్యూటీ మాఫీ చెయ్యడం న్యాయమేనా?

పర్లాకిమిడి కుర్రోడు:
అగ్నివీర్‌కి తయారవుతున్నాను. తెల్లారగట్ల మహేంద్రతనయ గట్టు మీద పరుగు, సాయంత్రం కబడ్డీ. సెలవుకొచ్చిన మా వీధి అన్నయ్య ఏటన్నాడంటే, "టీమ్‌లోకి ఎక్కీసినావంటే గార్డు లేదు, ఫెటీగ్ (ఊడ్పు, మోత లాంటి చాకిరీ) లేదు, పోటీలయ్యేవరకు గ్రౌండే నీ డ్యూటీ" అని. వినడానికి బాగుంది. మిగతావాళ్లు ఊరుకుంటారా మరి? సర్వీసు చేసినవాళ్లు చెప్పండి.

మాజీ హవల్దారు, గుణుపురం:
న్యాయం కాదు. ఆడేవాళ్ల బదులు గార్డు కాసినవాణ్ణి, అందుకే చెబుతున్నా. పోటీలొచ్చాయంటే వాలీబాల్ టీమ్, బాక్సింగ్ టీమ్, క్రాస్‌కంట్రీ టీమ్ అన్నీ క్యాంపుకి ఎల్లిపోతాయి. గార్డు పోస్టులు తగ్గవు కదా! మిగిలినవాళ్లకి రాత్రి విడిచి రాత్రి డ్యూటీ. పొద్దున పీటీకి కళ్లు మూతలు పడుతున్నా నిలబడాలి. బీపీఈటీ, అంటే ఒంటి సత్తా చూసే పరీక్ష, మాత్రం అందరికీ ఒకటే. వీపున సామాను, చేతిలో రైఫిలు, 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో కొడితేనే ఎక్సలెంట్. నిద్ర లేనివాడికీ, గ్రౌండులో మేపినవాడికీ అదే స్టాప్‌వాచ్. కప్పు వచ్చిందా, బడాఖానాలో (యూనిట్ అంతా కలిసి తినే విందులో) చప్పట్లన్నీ టీముకే.

బరంపురం కోడలు:
హవల్దారు బాబయ్యా, ఆడేవాళ్ల ఇంటి సంగతి కూడా వినండి. మా ఆయనది వాలీబాల్ టీమే. ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి. పిల్లని భుజానెక్కించుకుని అమ్మవారి ఘటం చూపిస్తానన్నారు. సెలవు ఇచ్చి, టికెట్టు తీసీసాక, ఫైనల్స్ ఉన్నాయని ఆపీసినారు. వాచిన మోకాలికి కాపడం పెట్టేది కూడా నేనే. మాఫీ అంటే సుఖమనుకోకండి.

రిటైర్డ్ సుబేదారు, రాయగడ:
హవల్దారు గారూ, గార్డు బాధ నిజమే. కానీ మీరు రెండు వేరు సంగతుల్ని కలిపీసారు. సాయంత్రం గేమ్స్ పరేడ్ అందరిదీ. అక్కడ సిపాయి కొట్టిన స్మాష్ ఆఫీసరు ముక్కుకి తగిలినా తప్పులేదు. హిందీ రాక మూగోడిలా ఉన్న నాకు మొదటి స్నేహితుడు దొరికింది బారక్‌లో కాదు, ఫుట్‌బాల్ గ్రౌండులో. టీమ్ అన్నది పది పన్నెండుమందిది. గొడవంతా దానితోనే.

మిల్ఖాసింగ్ సంగతే చూడండి. మూడుసార్లు వెనక్కి పంపితే నాలుగోసారి ఆర్మీలో చేరాడు, సికింద్రాబాద్‌లో ఆర్మీ ఇంజినీరింగ్ విభాగం ఈఎంఈ సెంటర్‌కి వచ్చాడు. కొత్తవాళ్లందర్నీ క్రాస్‌కంట్రీలో పరిగెత్తించబట్టే ఆ కాళ్ల సంగతి తెలిసింది. ముందే టీమ్‌ని ఏరి మిగతావాళ్లని గార్డుకి తోలీసుంటే, ఏ గేటు దగ్గరో నిలబడి ఉండేవాడు.

నీరజ్ చోప్రా లెక్క వేరు. 2016లో నేరుగా నాయబ్ సుబేదారుగా తీసుకున్నదే ఆట కోసం. 2021లో టోక్యోలో 87.58 మీటర్లు విసిరి బంగారం తెచ్చాడు. అలాంటివాళ్ల కోసమే పుణేలో ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వాళ్లని గార్డు కాయమనడం తెలివితక్కువ. బెటాలియన్ వాలీబాల్ ఆడేవాడు అదే లెక్క తనకీ వెయ్యమంటే ఎలా? క్యాంపులో ఉన్నన్నాళ్లే మాఫీ. తిరిగొచ్చాక, తప్పిపోయిన గార్డులన్నీ కాయాలి. మా కంపెనీలో దానికో రిజిస్టరు పెట్టించాను. తిట్టుకున్నారు, అయినా కాసారు.

మాజీ హవల్దారు, గుణుపురం:
మీరున్నన్నాళ్లూ నడుస్తుంది సార్. మీరు పోస్టింగు వెళ్లిన మర్నాడు ఆ రిజిస్టరు ఎక్కడుంటుందో నాకు తెలీదా?

పర్లాకిమిడి కుర్రోడు:
నాలుగేళ్ల తర్వాత అగ్నివీరుల్లో రెగ్యులర్‌కి తీసుకునేది 25 శాతం లోపే. టీమ్‌లో ఉన్నవాడు సీఓ (యూనిట్ పెద్ద ఆఫీసరు) కంట్లో పడతాడు. రాత్రంతా గేటు కాసినవాణ్ణి ఎవరు చూస్తారు? నా భయం అదీ.

జైపూర్ మావయ్య:
నువ్వింకా చేరనేలేదురా అల్లుడూ! 2023 నుంచి ముందు ఆన్‌లైన్ పరీక్ష, అది గట్టెక్కితేనే గ్రౌండు. తర్వాత 1.6 కిలోమీటర్ల పరుగు, పూర్తి మార్కులకి 10 పుల్అప్స్, 9 అడుగుల గొయ్యి దూకడం. పొద్దున్న పరుగు, సాయంత్రం కబడ్డీ అన్నావు, లెక్కల పుస్తకం తీసేదెప్పుడు?

రిటైర్డ్ సుబేదారు, రాయగడ:
కుర్రోడి భయం కొట్టిపారేసేది కాదు. నలుగురిలో ఒకణ్ణి ఉంచే చోట, మాఫీ ఇచ్చినా ఇవ్వకపోయినా గార్డు కాసిన రాత్రుల లెక్క కాగితం మీద ఉండాలి. హవల్దారు గారు అన్నట్టు, అది నాలాంటి ఒకడి ఇష్టం మీద నడవకూడదు, యూనిట్ ఆర్డరులో రావాలి.

బరంపురం కోడలు:
అదేదో వేగిరం రాయించండి సుబేదారు గారూ. ఆపీసిన సెలవులకి కూడా అందులో ఒక గడి గీయించండి.