సెస్నా 172 సర్క్యూట్లు: ఒకసారి తేలుతోంది, ఒకసారి దబ్బున పడుతోంది, ఏం సరిచేసుకోవాలి?

విండ్‌సాక్_09
బేగంపేటలో సెస్నా 172 శిక్షణ విమానం మీద డ్యుయల్‌లో (ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా) సర్క్యూట్లు, అంటే లేచి రన్‌వే చుట్టూ తిరిగి మళ్లీ దిగడం, నడుస్తున్నాయి. ఫైనల్ (రన్‌వేకు సూటిగా దిగే చివరి భాగం) దాకా ఫరవాలేదు. థ్రెషోల్డ్ (రన్‌వే మొదలు) దాటాకే సమస్య. ఒకసారి ఫ్లేర్ (తగిలే ముందు ముక్కు మెల్లగా ఎత్తడం) చేశాక చక్రాలు తగలకుండా రన్‌వే మీద తేలుతూ పోతుంది. మరోసారి పైనే వేగం చచ్చిపోయి దబ్బున పడుతుంది. తగిలి మళ్లీ లేవడం కూడా ఉంది. ముక్కు ఎప్పుడూ కాస్త ఎడమకే తిరిగి ఉంటుంది. సోలో (ఒంటరిగా ఎగరడం) దగ్గరపడేకొద్దీ ధైర్యం పెరగాల్సింది పోయి తగ్గుతోంది. దేనితో మొదలుపెట్టాలో చెప్పండి సార్.

ట్రిమ్‌వీల్
తమ్ముడూ, ఫ్లేర్‌ని ఇప్పుడు ముట్టుకోకు. మూడు ల్యాండింగులు మూడు రకాలుగా వస్తున్నాయంటే థ్రెషోల్డ్ మీదికి మూడు వేర్వేరు వేగాలతో వస్తున్నావని అర్థం. అది డౌన్‌విండ్‌లోనే (రన్‌వేకు సమాంతరంగా, దిగే దిశకు వ్యతిరేకంగా పోయే భాగంలోనే) మొదలవుతుంది.

సర్క్యూట్ ఎత్తు నేల నుంచి 1000 అడుగులు. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1740 అడుగులు కాబట్టి ఆల్టిమీటర్‌లో 2740 దగ్గర ఉండాలి. డౌన్‌విండ్‌లో రన్‌వే నంబర్లు రెక్క పక్కకు రాగానే పవర్ 1500 ఆర్‌పీఎమ్‌కు తగ్గించు. ముక్కు దించకు, వేగం 85 నాట్లకు పడేదాకా ఎత్తు నిలుపు. అప్పుడు ఫ్లాప్ (రెక్క వెనక దించే పలక) 10 డిగ్రీలు, ట్రిమ్ (చేతి మీద ఒత్తిడి పోయేలా చిన్న చక్రంతో సర్దడం). థ్రెషోల్డ్ భుజం వెనక 45 డిగ్రీల్లో కనబడగానే బేస్ (రన్‌వేకు అడ్డంగా పోయే భాగం). అక్కడ ఫ్లాప్ 20, వేగం 75. ఫైనల్‌లో ఫ్లాప్ 30, వేగం 65. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో అంకెలు కాస్త తేడాగా ఉంటే వాటినే పట్టుకో.

ప్రతి మార్పు తర్వాత యోక్ (విమానాన్ని నడిపే చేతి చక్రం) నుంచి చెయ్యి రెండు సెకన్లు తీసి చూడు. ముక్కు లేచినా, వాలినా ట్రిమ్ పూర్తి కాలేదన్నమాట. ట్రిమ్ కుదరని విమానాన్ని బిగపట్టుకుని ఫైనల్ మీదికి వచ్చేవాడికి ఫ్లేర్‌లో వేళ్లకు సున్నితం మిగలదు.

తేలడానికి కారణం దాదాపు ఎప్పుడూ అదనపు వేగమే. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 65 బదులు 70తో వస్తే 16 శాతం, 75తో వస్తే 33 శాతం ఎక్కువ శక్తి ఖర్చుచేయాలి. పైగా 172 రెక్కలు కొస నుంచి కొసకు 36 అడుగులు. నేలకు అంతకంటే దగ్గరకొచ్చేకొద్దీ డ్రాగ్ (గాలి నిరోధం) తగ్గుతుంది, కాబట్టి ఆ వేగం త్వరగా పోదు. భయానికి ఐదు నాట్లు కలుపుకోవడం ఇక్కడే ఎదురు తిరుగుతుంది. గాలి కుదుపులుంటే మాత్రం మామూలు గాలికీ గస్ట్‌కీ (కుదుపు గాలికీ) ఉన్న తేడాలో సగం కలుపు: గాలి 8, గస్ట్ 14 అయితే 3 నాట్లు, అంతే.

ఇంకోటి, మన ఎండలు. 38 డిగ్రీల రోజున బేగంపేటలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి లెక్కించే ఎత్తు) దాదాపు 5000 అడుగులు. మీటర్‌లో 65 ఉన్నా అసలు వేగం 70. నేల వేగంగా పరుగెత్తుతున్నట్టు కనబడుతుంది, కంటిని నమ్మి తెలియకుండానే ముక్కు ఎత్తేస్తాం. వేగం మీటర్‌నే నమ్ము.

సెంటర్‌లైన్
పై జవాబుకు నా వంతు: చూపు.

ఫైనల్‌లో ఒక గురి బిందువు పెట్టుకోండి, నంబర్లు అనుకుందాం. అది విండ్‌షీల్డ్‌లో కదలకుండా ఉండాలి. పైకి జరిగితే దానికి ముందే దిగిపోతారు, కిందికి జరిగితే దాటిపోతారు. గాలి లేని రోజు 65 నాట్లకు నిమిషానికి 325 అడుగుల దిగుడు చాలు (నేల వేగాన్ని ఐదుతో గుణిస్తే వచ్చేది అదే).

నేల 15 అడుగుల్లోకి వచ్చాక గురి బిందువును వదిలేసి చూపును రన్‌వే అవతలి కొసకు తీసుకెళ్లండి. చక్రాల ముందున్న తారు వైపు చూస్తే అది గీతలు గీతలుగా పారుతుంది తప్ప ఎత్తు తెలియదు. అవతలి కొస చూస్తే రన్‌వే రెండు అంచులూ పక్కలకు విప్పారుతూ పైకి లేస్తున్నట్టు కనబడతాయి. ఆ విప్పారడమే మీ ఎత్తు కొలత. అప్పుడు పవర్ ఐడిల్, విమానం దిగబోయినంత మాత్రమే యోక్ వెనక్కి. ఒక్కసారిగా లాగితే పైకి లేస్తుంది, లాగకపోతే ముక్కుచక్రం ముందు తగులుతుంది.

శంషాబాద్ తెరిచే 2008 దాకా పెద్ద జెట్లు దిగిన రన్‌వే అది. వెడల్పు రన్‌వే మీద ఉన్నదానికంటే కిందున్నట్టు అనిపించి పైనే ఫ్లేర్ చేస్తారు. మీరు దబ్బున పడేది బహుశా అందుకే.

ముక్కు ఎడమకు తిరగడం కూడా చూపు తప్పే. మీరు కూర్చున్నది ఎడమ సీట్లో, కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) మధ్యభాగం మీకు కుడిపక్కన ఉంటుంది. దాన్ని సెంటర్‌లైన్‌కు కలపబోతే ముక్కు ఎడమకు పోతుంది. పార్కింగ్‌లో విమానం పసుపు గీత మీద తిన్నగా నిలిచినప్పుడు, మీ కళ్లకు సూటిగా కౌలింగ్ మీద ఏ రివెట్ ఉందో గుర్తుపెట్టుకోండి. గాల్లో అదే మీ ముక్కు.

విండ్‌సాక్_09
రివెట్ సంగతి ఎవరూ చెప్పలేదు, రేపే చూస్తాను. తగిలి లేచినప్పుడు ఏం చేయాలి? చెయ్యి దానంతటదే యోక్‌ను ముందుకు నెట్టేస్తోంది.

గో_అరౌండ్
ఆ నెట్టడమే అసలు ప్రమాదం. ముక్కుచక్రం ముందు తగులుతుంది, ఇంకా ఎత్తుగా లేస్తుంది. రెండో మూడో ఎగురుకు ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనక గోడ) వంగుతుంది, ప్రొపెల్లర్ నేలకు తగులుతుంది. అడుగో రెండడుగులో లేస్తే ముక్కు భంగిమ అలాగే పట్టుకుని, కొంచెం పవర్ ఇచ్చి, మళ్లీ కూర్చోబెట్టండి. అంతకు మించి లేచినా, సందేహం వచ్చినా గో అరౌండే (దిగడం మానేసి మళ్లీ పైకి ఎక్కడమే).

క్రమం ఇది: ఫుల్ థ్రాటిల్, కుడి రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే పెడల్), ఫ్లాప్ వెంటనే 20కి. 60 నాట్లతో ఎక్కుతూ 10. అడ్డంకులు దాటి, సురక్షితమైన ఎత్తులో 65 వచ్చాక సున్నా. 30 ఫ్లాప్‌తో 65కు ట్రిమ్ చేసిన విమానానికి ఫుల్ పవర్ ఇస్తే ముక్కు గట్టిగా పైకి తంతుంది, ఇక్కడ మాత్రం యోక్‌ను బలంగా ముందుకు పట్టాలి. ఈ ఒత్తిడి చేతికి ముందే తెలియాలి కాబట్టి, ప్రతి సెషన్‌లో ఒక గో అరౌండ్ అవసరం లేకపోయినా చేయమని ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి.

బేస్ నుంచి ఫైనల్ తిరిగేటప్పుడు సెంటర్‌లైన్ దాటిపోతే రడ్డర్‌తో ముక్కును లాక్కురావద్దు, బ్యాంక్ (రెక్కల వంపు) 30 డిగ్రీలు దాటించొద్దు. తక్కువ ఎత్తులో స్పిన్‌కు (గిరగిరా తిరుగుతూ పడిపోవడానికి) దారి అదే. గో అరౌండ్ చేసి మళ్లీ రండి.

టచ్ అండ్ గోలో (దిగి ఆగకుండా మళ్లీ లేవడంలో) ఎక్కువమంది మరిచేది ట్రిమ్. ల్యాండింగ్ ట్రిమ్‌తోనే పవర్ ఇస్తే వేగం రాకముందే ముక్కు లేస్తుంది. ఫ్లాప్ పైకి, ట్రిమ్ టేకాఫ్ గుర్తుకు, ఆ తర్వాతే థ్రాటిల్.

ట్రిమ్‌వీల్
ఒక కసరత్తు చేర్చుకో. టవర్ అనుమతి ఉంటే, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా, కాస్త పవర్‌తో రన్‌వే మీద ఐదడుగుల ఎత్తులో చక్రాలు తగలనీయకుండా నడుపు. పొడవు రన్‌వే కాబట్టి కుదురుతుంది. ఫ్లేర్‌లో రెండు మూడు సెకన్లు మాత్రమే కనబడే ఆ చిత్రాన్ని ఇక్కడ పదిహేను సెకన్లు చూడొచ్చు. చివర గో అరౌండ్. రోజుకు ఐదారు సర్క్యూట్లు చాలు. ఏడోదానికి చెయ్యి బరువెక్కి, ట్రిమ్ మానేసి లాగడం మొదలవుతుంది.