వేల్స్‌లో ఉంటున్న తెలుగువారికి: అత్తగారి జ్ఞాపకాలు ఎలా భద్రపరచాలి?

మా అత్తగారు వెల్ష్ ఆవిడ. ఉత్తర వేల్స్‌లో పలకరాతి గనుల ఊరైన బ్లైనై ఫెస్టినియోగ్‌లో పుట్టి పెరిగారు. జనవరి 1న పిల్లలు ఇంటింటా పాడి చిల్లర పుచ్చుకునే 'కలెన్నిగ్', మధ్యాహ్నం 12 దాటితే దక్కని పైసలు, ఆదివారం చాపెల్‌లో బైబిలు వాక్యం అప్పజెప్పడం... ఎన్నో చెబుతారు. ఉత్సాహం వస్తే వెల్ష్ భాషలోకి వెళ్లిపోతారు. మా ఆయనకు అర్థమవుతుంది గానీ రాసిపెట్టే ఓపిక లేదు (మగవాళ్లు ఎక్కడైనా అంతే!).

ఫోనులో రికార్డు చేస్తే చాలా? కార్డిఫ్‌లోని సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో పాత గొంతుల (పాతతరం వాళ్ల మాటల రికార్డుల) భాండాగారం ఉంది కదా, ఇలాంటి కుటుంబ రికార్డులు తీసుకుంటారా? ఎవరైనా ఇచ్చారా? 'మీ బాల్యం చెప్పండి' అంటే 'ఏముంది చెప్పడానికి' అంటారు. పాత రొట్టెల పెనం చూపిస్తే మాత్రం ఆగరు. అలా మాట్లాడించే ప్రశ్నలు మీకు తెలిస్తే చెప్పండి.