ఫొటోల నాస్‌కి ఊరి బయట బ్యాకప్ ఎలా పెట్టాలి?

అందరికీ నమస్కారమండీ. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు 6 టీబీ దాకా రెండు డిస్కుల నాస్‌లో (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె) ఉన్నాయి. రెయిడ్ 1 (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ పడే పద్ధతి) ఉంది కదా, భయం లేదనుకున్నాను. మొన్న మా కుర్రాడు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోయింది. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి బయటపడ్డాం. అందులో వణుకుతున్న చేత్తో తాతగారు అక్షింతలు వేస్తున్న ఫొటో ఉంది. ఆయన ఇప్పుడు లేరు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకి కిటికీ అద్దాలు పగిలి, వాన నీళ్లు సిస్టమ్ దాకా వచ్చాయి. అందుకే హైదరాబాద్‌లో అక్క వాళ్లింట్లో ఇంకో నాస్ పెడదామనుకుంటున్నాను. నా అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్. లెక్కేస్తే ఆగకుండా పంపినా దాదాపు 14 రోజులు! కాబట్టి మొదటి కాపీ ఇక్కడే తీసి రైల్లో పట్టుకెళ్తాను, తర్వాత రోజూ మారినవి మాత్రమే వెళ్తాయి.

రౌటర్‌లో పోర్టులు తెరవకుండా వైర్‌గార్డ్ వీపీఎన్ (రెండు చోట్ల మధ్య ఇంటర్నెట్‌లో భద్రమైన దారి వేసే సాఫ్ట్‌వేర్) ఒక్కటి సరిపోతుందా? ఇక్కడ ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) పడితే అక్కడి పాత వెర్షన్లు చెరగకుండా ఏ సెట్టింగ్ పెట్టాలి? బ్యాకప్‌కి తాళంలా వేసే ఎన్‌క్రిప్షన్ కీ మీరైతే ఎక్కడ దాస్తారు? ఇలా నడుపుతున్నవాళ్లు దయచేసి చెప్పండి, తుపాన్ల సీజన్‌లోపు పెట్టేయాలి.