ప్రాక్టీస్ మేనేజర్‌ను పార్ట్‌నర్‌గా తీసుకోవాలా?

శాలరీడ్ జీపీ: నేను జీతానికి పనిచేసే జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్‌ని. ఇంగ్లండ్‌లో మా సర్జరీలో (క్లినిక్‌లో) ఒక పార్ట్‌నర్ రిటైర్ అవుతున్నారు. ఆ స్థానంలోకి డాక్టర్లెవరూ ముందుకు రావట్లేదు. మేనేజర్‌నే పార్ట్‌నర్‌గా తీసుకుందామని మాట వచ్చింది. ప్రభుత్వ వైద్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్)తో జీపీలకున్న 2004 కాంట్రాక్టు నుంచి ఒక్క జీపీ పార్ట్‌నర్‌గా ఉంటే మిగతావాళ్లు డాక్టర్లు కాకపోయినా ఫర్వాలేదు. కాబట్టి రూల్ అడ్డు కాదు. మీరేమంటారు?

పాత స్టెతస్కోప్: నేను ఒప్పుకోను. పేషెంటుకు పది నిమిషాలా, పదిహేనా అన్నది వైద్యం తెలిసినవాళ్లే తేల్చాలి. మేనేజర్ పని రోటాలు (డ్యూటీ పట్టికలు), జీతాలు, బిల్లులు.

మండే మార్నింగ్: డాక్టర్‌గారూ, నేనూ మేనేజర్‌నే. మీరు చెప్పేది ఏనాటి మేనేజర్ గురించి? 1966 జీపీ చార్టర్‌తో సిబ్బంది జీతాల్లో 70 శాతం ప్రభుత్వం తిరిగివ్వడం మొదలుపెట్టాక రిసెప్షనిస్టులు పెరిగారు. వాళ్లలో సీనియరే చాలాచోట్ల మేనేజర్ అయ్యారు. 1991లో ఫండ్‌హోల్డింగ్ (ఆసుపత్రి సేవలను సర్జరీలే తమ బడ్జెట్‌తో కొనడం) వచ్చి బడ్జెట్ నెత్తిన పడింది. 2004లో క్వాఫ్ (వైద్య నాణ్యతకు పాయింట్లిచ్చి డబ్బు కట్టే పద్ధతి), మొదట్లో 1050 పాయింట్లు. ఒక్కో పాయింటు జారితే ఆదాయం తగ్గుతుంది. 2013 నుంచి సీక్యూసీ (తనిఖీ సంస్థ), 2019 నుంచి పీసీఎన్‌లు (పక్కపక్క సర్జరీలు కలిసి పనిచేసే గుంపులు). ఒక్కటీ పోలేదు (ఫండ్‌హోల్డింగ్ తప్ప, దాన్ని 1999లో ఎత్తేశారు), కొత్తవి చేరుతూనే ఉన్నాయి.

మొన్నొక సోమవారం టీకాల ఫ్రిజ్ 11 డిగ్రీలు చూపించింది. ఉండాల్సింది 2 నుంచి 8. నర్సు, నేను కలిసి టీకాలన్నిటినీ చల్లగా ఉన్న ఇంకో ఫ్రిజ్‌లోకి మార్చి 'వాడొద్దు' అని కాగితం అంటించాం. ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్ రీడింగులు దింపి, ఎంతసేపు దాటిందో చూసి, టీకా కంపెనీలకు ఒక్కొక్కదానికీ ఫోన్ చేశాం. ఈలోపు పిల్లల టీకాలకు వచ్చే తల్లులకు రావొద్దని కబురు. అదే పూట లోకమ్ (తాత్కాలిక) డాక్టర్‌కు ఒంట్లో బాలేదని మెసేజ్. పార్ట్‌నర్లకు సంగతి తెలిసింది మధ్యాహ్నమే. ఇది రోటాల పనా?

పాత స్టెతస్కోప్: మెచ్చుకోవాల్సిందే, కాదనను. కానీ క్లినిక్ రద్దు చేయడం వేరు, ఎవరిని ముందు చూడాలో నిర్ణయించడం వేరు. 2025 అక్టోబర్ నుంచి ఆన్‌లైన్ రిక్వెస్టులు ఉదయం 8 నుంచి సాయంత్రం 6:30 దాకా తెరిచే ఉంచాలి. ఆ ఫారాల్లో ఏది ఫార్మసిస్టుకు, ఏది డాక్టర్‌కు అన్న నియమాలు ఎవరు రాస్తున్నారు? నాకు తెలిసిన ఒకచోట స్లాట్లు నిండిపోతున్నాయని మేనేజరే రాశారు. ఛాతీ నొప్పి ఫారం రెండు రోజులు రొటీన్ లిస్టులో పడి ఉంది.

మండే మార్నింగ్: ఆ నియమాలపై డాక్టర్ సంతకం లేకపోతే తప్పు పార్ట్‌నర్లది కూడా. చదవకుండా వదిలేసింది వాళ్లే కదా!

పేషెంట్‌ని మాత్రమే: మా సర్జరీలో మేనేజర్ ఎలా ఉంటారో కూడా తెలీదు. కంప్లయింట్ పెడితే జవాబు కింద సంతకం మాత్రం ఆయనదే.

లెక్కలు చూసేవాడు: అందరూ ఎవరు నిర్ణయించాలన్న దాని గురించే మాట్లాడుతున్నారు. మామూలు పార్ట్‌నర్‌షిప్‌లో అప్పులకు హద్దు లేని బాధ్యత ఉంటుంది. సర్జరీ మూతపడితే బిల్డింగ్ లీజు, సిబ్బంది రిడండెన్సీ (ఉద్యోగం పోయినందుకిచ్చే పరిహారం) ఖర్చు పార్ట్‌నర్ల సొంత ఆస్తుల దాకా రావచ్చు. చివరికి ఒక్కరే మిగిలితే భారమంతా వాళ్లదే. డాక్టర్లు వెనక్కి తగ్గుతున్నది అందుకే. అదే బరువు మేనేజర్‌కు బిరుదులా ఇస్తున్నారేమో చూసుకోండి.

శాలరీడ్ జీపీ: ఫిక్స్‌డ్ షేర్ (లాభం ఎంతైనా ముందే అనుకున్న మొత్తం) ఇద్దామంటున్నారు మావాళ్లు. లీజు మీద పేరు కూడా ఉండాలట.

మండే మార్నింగ్: అంటే జీతం లాంటి డబ్బు, పార్ట్‌నర్ లాంటి అప్పు! సంతకం పెట్టేముందు మీటింగ్‌లో ఓటు ఉంటుందో లేదో కాగితం మీద రాయించుకోమనండి. పార్ట్‌నర్‌షిప్ డీడ్‌ను (ఒప్పంద పత్రాన్ని) సొంత లాయర్‌కు చూపించుకోమనండి, ప్రాక్టీస్ లాయర్‌కు కాదు.