హంగేరియన్ మైనారిటీల డాక్యుమెంటరీని తిరుపతిలో ప్రదర్శించి విరాళాలు సేకరించవచ్చా?

ప్రశ్న (తిరుపతి నుంచి):
రొమేనియా, స్లొవేకియాలలోని హంగేరియన్ల భాషా హక్కుల కోసం ఊరూరా డాక్యుమెంటరీ చూపిస్తూ నిధులు సేకరించే యాత్రను ఇక్కడికి కూడా రప్పించాలని మా మిత్రబృందం ఆలోచిస్తోంది. మనవాళ్లకు ఆ సమస్యను ఎలా పరిచయం చేయాలి? వచ్చిన సొమ్మును ఎలా పంపాలి?

జవాబు (చిత్తూరు నుంచి):
తిరుత్తణితో మొదలుపెట్టండి. 1960లో ఆ తాలూకా మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లినప్పుడు, అక్కడి తెలుగువారు ఇల్లు కదలకుండానే భాషాపరమైన అల్పసంఖ్యాకులయ్యారు. 1920 జూన్ 4న కుదిరిన ట్రియనాన్ ఒప్పందంతో హంగేరీ తన పూర్వ భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు కోల్పోగా, లక్షలాది హంగేరియన్లు అదే విధంగా పొరుగు దేశాల పౌరులయ్యారు. రొమేనియాలో నేటికీ సుమారు 10 లక్షల మంది ఉన్నారు. అయితే మనకు మారింది రాష్ట్రం, వారికి మారింది దేశం. ఈ తేడాను మాత్రం దాచవద్దు.

మరో జవాబు:
బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ ధ్రువపత్రం గానీ మినహాయింపు గానీ ఉండాలి. రిజర్వు బ్యాంకు నిబంధనలకు లోబడి వ్యక్తులు విదేశాలకు విరాళం పంపవచ్చు కానీ దానికి విరాళాలపై ఇచ్చే ఆదాయపు పన్ను రాయితీ వర్తించదు. హాలు గుమ్మంలో హుండీ పెట్టడం (మన ఊరికి అది కొత్తేమీ కాదు) వేరే వ్యవహారం కనుక, ముందుగా ఆడిటరును సంప్రదించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. తిరుత్తణి పెద్దలొకరిని వేదికపై మాట్లాడమని కోరతాము.